మూడు ఖాళీలు, ఒకే విరుపు: ఒక ఉరి కేసులో మెడ సీటీ స్కాన్

జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఫోరెన్సిక్ వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్న కేసులో మనుషులను, ఊరిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. వైద్యపరమైన అంశాలు మాత్రం మా రికార్డుల్లో ఉన్నట్టే ఉన్నాయి. స్కాన్ నివేదికలోని ఒక్క వాక్యం ఒక కుటుంబాన్ని హత్య కేసు అంచు దాకా తీసుకెళ్లింది కాబట్టి దీన్ని రాయాలనిపించింది.

నేపథ్యం

మృతుడి వయసు యాభై దాటింది. వ్యవసాయం చేసేవాడు. తెల్లవారుజామున భార్య లేచి చూసేసరికి పశువుల కొట్టంలో దూలానికి నైలాన్ తాడుతో వేలాడుతున్నాడు. మోకాళ్లు వంగి, పాదాల మునివేళ్లు నేలను తాకుతున్నాయి. ఆమె కేకలకు వచ్చిన ఇరుగుపొరుగు తాడు కోసి దించారు. పోలీసులు వచ్చేసరికి శవం మంచం మీద ఉంది. కోసిన తాడు ముడితో సహా కొట్టంలోనే పడి ఉండటం మా అదృష్టం. కోసినవాళ్లు ముడిని విప్పకుండా దానికి దూరంగా కోశారు.

మధ్యాహ్నానికి మృతుడి అన్న ఫిర్యాదు ఇచ్చాడు. పొలం పంపకం గురించి ఇంట్లో చాలాకాలంగా గొడవలున్నాయని, భార్య, ఆమె తమ్ముడు కలిసి గొంతు బిగించి చంపి ఆ తర్వాత వేలాడదీశారని అతని ఆరోపణ. దానికి అతను చూపిన ఆధారం ఒక్కటే: "కాళ్లు నేల మీద ఉంటే మనిషి ఉరికి ఎలా చచ్చిపోతాడు?"

ఈ ప్రశ్న నేను నెలకోసారైనా వింటాను. మెడ సిరలు మూసుకుపోవడానికి సుమారు 2 కిలోల ఒత్తిడి చాలు. మెదడుకు నెత్తురు తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులకు నాలుగైదు కిలోలు సరిపోతుంది. తల బరువే దాదాపు అంత ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని, మంచం కోడుకు తాడు కట్టుకుని చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. కాళ్లు నేలకు తగలడం హత్యకు గుర్తు కాదు. అలాగని అది ఆత్మహత్యకూ గుర్తు కాదు. చంపి వేలాడదీయడం లోకంలో లేనిదేమీ కాదు కాబట్టి అతని అనుమానాన్ని కొట్టిపారేసే హక్కు మాకు లేదు.

మా ముందున్న ప్రశ్న

మెడ మీద పడిన బలం ఎలాంటిది, అది ప్రాణం ఉండగా పడిందా అన్నదే దర్యాప్తు అధికారి మమ్మల్ని అడిగింది. ఆరోపణ తీవ్రమైనది కాబట్టి కత్తి పెట్టేముందు సీటీ స్కాన్ తీద్దామని నేనే ప్రతిపాదించాను. శవాన్ని కోయకముందే స్కాన్ చేసే పద్ధతిని స్విట్జర్లాండ్‌లో బెర్న్ ఫోరెన్సిక్ నిపుణులు 1990ల చివర్లో 'వర్టాప్సీ' పేరుతో ఒక దారిలో పెట్టారు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ 2021లో దీనికి ప్రత్యేక కేంద్రం ప్రారంభించింది. మాకు అలాంటి కేంద్రం లేదు. ఉన్నదల్లా ప్రమాద బాధితులకు వాడే ఒక సీటీ యంత్రం. రాత్రి రోగుల రద్దీ తగ్గాక, సూపరింటెండెంట్ అనుమతితో, కానిస్టేబుల్ పక్కనే ఉండగా స్కాన్ తీయించాం.

నాకు కావలసింది ముఖ్యంగా ఎముకలు, మృదులాస్థుల స్థితి. మెడలో గడ్డం కింద, గుర్రపు లాడం ఆకారంలో హయాయిడ్ ఎముక ఉంటుంది. ముందు శరీరం, రెండు వైపులా వెనక్కి సాగే పెద్ద కొమ్ములు. దాని కింద థైరాయిడ్ మృదులాస్థి, దానికి పైకి పొడుచుకొచ్చిన రెండు సన్నని పై కొమ్ములు. మెడ మీద బలం పడితే ముందుగా దెబ్బతినేవి ఈ కొమ్ములే. అవి అగ్గిపుల్లంత సన్నం. మామూలు శవపరీక్షలో వాటిని చూడాలంటే కండరాలన్నీ విడదీయాలి. విడదీస్తుంటే కొన్నిసార్లు మన చేతిలోనే విరుగుతాయి. కత్తికి ముందు వాటి బొమ్మ ఒకటి రికార్డులో ఉండాలని నేను కోరింది అందుకే.

మొదటి ప్రయత్నం ఎలా తప్పింది

స్కాన్ సమయంలో నేను అక్కడ లేను. అది నా పొరపాటు. రాత్రి డ్యూటీ సిబ్బంది, రోజూ తల, మెడ గాయాల రోగులకు ఎలా తీస్తారో అలాగే తీసి, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కలుగా చిత్రాలు తయారుచేశారు. అగ్గిపుల్లను 5 మిల్లీమీటర్ల ముక్కల్లో వెతికితే అది ఒక చిత్రంలో కనిపించి మరుసటి దానిలో మాయమవుతుంది. పైగా మరణానంతర బిగువు వల్ల తల కుడి వైపు తిరిగి బిగుసుకుపోయి ఉంది. మెడ వంకరగా ఉన్నప్పుడు అడ్డంగా కోసిన చిత్రంలో కుడి, ఎడమ ఒకే ఎత్తులో పడవు. ఒక పక్క కొమ్ము పూర్తిగా కనిపిస్తుంది, రెండో పక్క ముక్కలుగా కనిపిస్తుంది.

డ్యూటీలో ఉన్న యువ డాక్టరు చిత్రాలు చూసి ప్రాథమిక నివేదికలో ఒక వాక్యం రాశాడు: "హయాయిడ్ ఎముక ఎడమ పెద్ద కొమ్ములో విరుపు." ఆయన్ను తప్పుపట్టను. చిత్రంలో శరీరానికీ ఎడమ కొమ్ముకూ మధ్య నిజంగానే ఖాళీ ఉంది. రోగిలో అలాంటి ఖాళీ కనిపిస్తే ఎవరైనా అదే రాస్తారు. కానీ ఆ వాక్యం నా దగ్గరికి రాకముందే ఫోనులో దర్యాప్తు అధికారికి చేరింది. ఉదయం ఎనిమిదింటికి ఆయన ఫోను చేశారు. "డాక్టరు గారూ, గొంతు ఎముక విరిగిందట కదా. అయితే ఇది హత్యే అనుకోవచ్చా?" మృతుడి బావమరిదిని అప్పటికే స్టేషన్‌కు పిలిపించారు.

హయాయిడ్ విరిగితే గొంతు నులిమినట్టే అన్న నమ్మకం పోలీసు శాఖలోనే కాదు, కొంతమంది వైద్యుల్లో కూడా బలంగా ఉంది. అది నిజం కాదు. ఉరిలోనూ హయాయిడ్ విరుగుతుంది, ముఖ్యంగా వయసు మీరినవాళ్లలో. గొంతు నులిమిన కేసులో, అందులోనూ చిన్న వయసు వాళ్లలో, అది విరగకుండానూ ఉంటుంది. విరుపు ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎలా విరిగిందన్నది ఇంకో ప్రశ్న. ఆ రెంటినీ కలిపేసి ఫోనులో జవాబు ఇవ్వలేనని, శవపరీక్ష పూర్తయ్యేదాకా ఆగమని ఆయనకు చెప్పాను. ఆగారు. ఆ మాట ఆయన గౌరవించడం ఈ కేసులో ఎంత విలువైనదో తర్వాత తెలిసింది.

రెండో ప్రయత్నం

ఫోను పెట్టేసి నేరుగా సీటీ గదికి వెళ్లాను. యంత్రం సేకరించిన మూల సమాచారం నుంచి పలుచటి చిత్రాలు మళ్లీ తయారుచేసుకోవచ్చు. కానీ ఆ సమాచారం యంత్రంలో ఎక్కువ కాలం నిలవదు. మా యంత్రంలో రెండు రోజులకే కొత్త రోగుల సమాచారం దాన్ని తుడిచేస్తుంది. ఈ స్కాన్ సమాచారం మాత్రం ఇంకా చెరిగిపోలేదు. 0.625 మిల్లీమీటర్ల మందంతో, ఎముక అంచులు పదునుగా కనిపించే పద్ధతిలో ఒకసారి, కండరాలు కనిపించే పద్ధతిలో మరోసారి తయారుచేయించాం. శవాన్ని మళ్లీ స్కాన్ చేసి తల నిటారుగా పెడదామని టెక్నీషియన్ అన్నాడు. వద్దన్నాను. బిగుసుకున్న మెడను బలవంతంగా తిప్పితే మనమే గాయం చేసినవాళ్లమవుతాం. దాని బదులు కంప్యూటర్‌లో హయాయిడ్ తలానికి అనుగుణంగా చిత్రాన్ని వంచాం.

సీనియర్ రేడియాలజిస్టు, నేను పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క చిత్రం చూశాం. మొత్తం మూడు ఖాళీలు కనిపించాయి.

మొదటిది రాత్రి నివేదికలో ఉన్నది. హయాయిడ్ శరీరానికీ ఎడమ కొమ్ముకూ మధ్య. పలుచటి చిత్రంలో దాని అంచులు గుండ్రంగా, నునుపుగా, చుట్టూ తెల్లటి గట్టి పొరతో ఉన్నాయి. కుడి వైపు అదే చోట అలాంటిదే, కాస్త ఇరుకైన ఖాళీ ఉంది. హయాయిడ్ శరీరం, కొమ్ములు పుట్టుకతో వేర్వేరు ముక్కలు, మధ్యలో మృదులాస్థి అతుకు ఉంటుంది. చాలామందిలో మధ్యవయసుకు అది ఎముకగా మారుతుంది. కొందరిలో జీవితాంతం మారదు. ఇది అదే. తల తిరిగి ఉండటం వల్ల రాత్రి చిత్రాల్లో ఎడమ పక్కది మాత్రమే తెరుచుకుని కనిపించింది.

రెండోది థైరాయిడ్ ఎడమ పై కొమ్ముకు కాస్త పైన, విడిగా ఉన్న ఒక చిన్న ముక్క. తెర మీద పెద్దది చేసి చూస్తే ముమ్మూర్తులా గోధుమ గింజ. హయాయిడ్‌నూ థైరాయిడ్‌నూ కలిపే స్నాయువులో కొందరికి ఇలాంటి చిన్న మృదులాస్థి ఉంటుంది. దాని ట్రిటీషియస్ అనే లాటిన్ పేరుకు అర్థమే గోధుమ గింజలాంటిదని. వయసుతో అది సున్నం పట్టి స్కాన్‌లో మెరుస్తుంది. విరిగిపడిన కొమ్ము కొస అనుకుని మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. విరిగిన ముక్కకు ఒక పక్కైనా పదునైన, పొర లేని అంచు ఉండాలి. పైగా దాని కింద కొమ్ము కురచగా ఉండాలి. ఇక్కడ గింజ అన్ని వైపులా గుండ్రంగా ఉంది, ఎడమ కొమ్ము పూర్తి పొడవుతో ఉంది.

మూడోదాన్ని రాత్రి ఎవరూ చూడలేదు. 5 మిల్లీమీటర్ల చిత్రాల్లో అది కనిపించే అవకాశమే లేదు. థైరాయిడ్ కుడి పై కొమ్ము మొదట్లో వెంట్రుకంత సన్నని గీత. అంచులు పదునుగా ఉన్నాయి, తెల్ల పొర లేదు, కొమ్ము పై భాగం కొద్దిగా లోపలికి వాలింది. ఇది విరుపు.

రాత్రి నివేదిక లేని విరుపును చెప్పి, ఉన్న విరుపును వదిలేసింది. ఇకమీద స్కాన్ మాట నమ్మకూడదని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ విరుపు చుట్టూ నెత్తురు ఉందా లేదా అన్నది మా సీటీ చిత్రాల్లో తేలలేదు. కండరంలోని పలుచటి రక్తస్రావం సీటీకి సాధారణంగా అందదు. ఎంఆర్ఐ అయితే మెరుగ్గా చూపిస్తుంది. కానీ మా దగ్గర ఎంఆర్ఐకి బతికున్న రోగులే వరుసలో ఉన్నారు. శవాన్ని బయటి కేంద్రానికి తరలిస్తే అది ఎవరి అధీనంలో ఎంతసేపు ఉందన్న లెక్కకు గండి పడుతుంది. అందుకే ఆ ఆలోచన విరమించి కత్తి మీదే ఆధారపడ్డాం.

శవపరీక్ష

నేను స్కాన్ చూశాను. చూసినదాన్ని మర్చిపోలేను. కుడి పక్క విరుపు ఉందని తెలిసిన కన్ను కుడి పక్కే నెత్తురు వెతుకుతుంది. కాబట్టి బయటి గాయాల వర్ణన, మెడ విడదీయడం స్కాన్ సంగతి ఏమీ చెప్పని మా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అప్పగించాను. నేను పక్కన నిలబడి రాసుకున్నాను.

తాడు గుర్తు థైరాయిడ్ మృదులాస్థికి పైన, గడ్డం కింద నుంచి రెండు వైపులా ఏటవాలుగా పైకి వెళ్లి, ఎడమ చెవి వెనక జుట్టులో మాసిపోయింది. అక్కడ చర్మం మీద ముడి ఒత్తిన గుర్తు ఉంది. గుర్తు అడుగున చర్మం ఎండిన తోలులా పసుపు, గోధుమ రంగు కలిసి ఉంది. భూతద్దంతో చూస్తే నైలాన్ పేట అల్లిక వాలు కనిపించింది. సీలు చేసిన తాడును తెప్పించి పక్కన పెట్టి పోల్చాం. అల్లిక సరిపోయింది. కుడి నోటి మూల నుంచి గడ్డం మీదుగా ఛాతీ దాకా లాలాజలం కారి ఎండిన చార ఉంది. ముడి ఎడమ పక్క ఉంటే తల కుడికి వాలుతుంది, లాలాజలం కుడి మూల నుంచే జారుతుంది. గోళ్ల గుర్తులు, వేళ్ల ఒత్తిడి మచ్చలు లేవు. చేతుల మీద పెనుగులాట గాయాలు లేవు. కనురెప్పల లోపలి పొరలో కొన్ని ఎర్రటి చుక్కలు ఉన్నాయి. అవి గొంతు బిగించినప్పుడు ఎక్కువగా వస్తాయి, నిజమే. అయితే కాళ్లు నేలకు తగిలే ఉరిలో ధమనులు పూర్తిగా మూసుకోకుండా సిరలు మాత్రమే మూసుకునే వ్యవధి ఉంటుంది కాబట్టి అందులోనూ వస్తాయి.

మెడను చివరికి ఉంచాం. ముందు పుర్రె తెరిచి మెదడు తీశాం, తర్వాత ఛాతీ తెరిచి గుండె, పెద్ద నాళాల నుంచి నెత్తురు కారిపోనిచ్చాం. నెత్తురు నిండిన మెడను నేరుగా కోస్తే, తెగిన సిరల నుంచి కారిన నెత్తురు అన్నవాహిక వెనక, వెన్నెముక ముందు పాకి అచ్చం గాయంలా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాకు చెందిన ప్రిన్స్లూ, గోర్డన్ 1951లోనే దీన్ని హెచ్చరికగా రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మెడను మొదట కోసిన నివేదికలు నా చేతికి వస్తూనే ఉన్నాయి.

తాడు గుర్తు కింద కొవ్వు పొర తెల్లగా, పొడిగా మెరుస్తోంది. కండరాలను ఒక్కొక్కటి విడదీసి పక్కకు మడిచాం. చెవి వెనక నుంచి దిగే పెద్ద కండరం జత్రుక ఎముకకు అతుక్కునే చోట, కుడి పక్క, గోరంత మేర నెత్తురు కమ్మి ఉంది. శరీర బరువుకు కండరం సాగినప్పుడు ఇలా జరుగుతుంది. మధ్య పొరల్లో ఏమీ లేదు. థైరాయిడ్ కుడి కొమ్ము దగ్గరికి రాగానే అసిస్టెంట్ ఆగి, "సార్, ఇక్కడ నెత్తురు ఉంది" అన్నాడు. కొమ్ము మొదలు చుట్టూ కందిగింజంత ముదురు ఎరుపు. నీటితో కడిగినా పోలేదు. వేలితో తాకితే కొమ్ము కదిలింది. ఆయనకు స్కాన్ సంగతి తెలియదు. ఆ క్షణంలో నాకు కలిగిన నిశ్చింత చెప్పలేనిది.

ఆ తర్వాతే అనుకోనిది జరిగింది. నాలుక, స్వరపేటికలను కలిపి బయటికి తీస్తున్నప్పుడు ఎడమ పక్క 'టిక్' మని చిన్న శబ్దం వినిపించింది. హయాయిడ్ ఎడమ అతుకు ఊడింది. ఇప్పుడు ఆ కొమ్ము వేళ్ల మధ్య విడిగా కదులుతోంది. రాత్రి నివేదిక విరుపు అన్న చోటే అది! అక్కడ నెత్తురు చుక్క కూడా లేదు. పొడి తెలుపు. వెంటనే ఆ సమయం, ఎలా జరిగింది, ఎవరి చేతిలో జరిగింది అన్నీ నోట్సులో రాసి, ఇద్దరం సంతకం చేసి, ఫోటో తీశాం. దాచాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దాచి ఉంటే ఈ కేసు అక్కడే మునిగేది.

స్వరపేటిక భాగాన్ని పారేయకుండా పది శాతం ఫార్మలిన్‌లో భద్రపరచి, రెండు రోజుల తర్వాత దాన్ని ఒక్కదాన్నే మళ్లీ స్కాన్ చేశాం. చుట్టూ దవడ, వెన్నెముక, భుజాలు లేకపోవడంతో చిత్రం ఎంతో స్పష్టంగా వచ్చింది. కుడి కొమ్ము గీత పక్క నుంచి తీసిన కణజాలంలో సూక్ష్మదర్శిని కింద తాజా ఎర్ర రక్తకణాలు కనిపించాయి. తెల్ల రక్తకణాలు చేరిన ఆనవాలు లేదు. దీన్ని చూసి చనిపోయాక తగిలిన దెబ్బ అనడం తప్పు. ఉరిలో ప్రాణం నిమిషాల్లో పోతుంది, తెల్లకణాలు రావడానికి అంత వ్యవధి ఉండదు. అంతర్గత అవయవాల రసాయన పరీక్షలో విషం ఏదీ లేదని తర్వాత తేలింది.

అభిప్రాయం, దాని మీద వచ్చిన ప్రశ్న

థైరాయిడ్ కొమ్ము విరిగినంత మాత్రాన ఉరి, గొంతు బిగింపు విడివడవు. రెంటిలోనూ విరుగుతుంది. మేము అభిప్రాయం నిలబెట్టింది మిగతావాటి మీద: ఏటవాలుగా, పైన, ముడి దగ్గర తెగిన గుర్తు, లాలాజలపు చార, పొడిగా ఉన్న అడుగు పొర, మధ్య కండరాల్లో గాయం లేకపోవడం, థైరాయిడ్ కింద ఉంగరంలా ఉండే క్రికాయిడ్ మృదులాస్థి చెక్కుచెదరకుండా ఉండటం. మరణ కారణం ప్రాణంతో ఉండగా జరిగిన ఉరి అని, వేరే బలం మెడ మీద పడినట్టు ఆనవాళ్లు కనిపించలేదని రాశాం. ఆత్మహత్య అన్న మాట రాయలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పరిస్థితులు విచారించి తేల్చే పని దర్యాప్తు అధికారిది. తలుపులు, ఫోను రికార్డులు, సాక్షులు మాకు కనిపించవు.

మృతుడి అన్న ఒప్పుకోలేదు. పై అధికారులకు పెట్టుకున్న వినతితో వేరే కళాశాల వైద్యుల బోర్డు మా రికార్డులను, భద్రపరచిన స్వరపేటికను పరిశీలించింది. సీసాలోంచి తీసి చేతిలో పట్టుకోగానే వాళ్లకు మొదట తగిలింది ఊడిన ఎడమ కొమ్మే. "ఇది విరుపు కాదా? మీ నివేదికలో ఎందుకు లేదు?" అన్నది మొదటి ప్రశ్న. రాత్రి నివేదిక కూడా వాళ్ల చేతిలో ఉంది. రెండూ ఒకే చోటు చూపిస్తున్నాయి.

కత్తికి ముందు తీసిన పలుచటి చిత్రాలు తెర మీద పెట్టాం. నునుపైన అంచులు, కుడి పక్క దానికి జోడీ, కత్తికి ముందు కొమ్ము దాని చోటులోనే ఉండటం కనిపించాయి. తర్వాత నోట్సు, ఫోటో. ఆ తర్వాత విడిగా తీసిన స్కాన్. బోర్డు గంటన్నర చూసింది. మా అభిప్రాయంతో ఏకీభవించింది. ఆ పలుచటి చిత్రాలు తుడిచిపెట్టుకుపోయి ఉంటే మా మాటకూ రాత్రి రాసిన వాక్యానికీ మధ్య ఎవరిది నిజమో తేల్చే సాక్ష్యం మిగిలేది కాదు. బావమరిది మీద అభియోగం నమోదు కాలేదు.

మార్చుకున్నవి

ఇప్పుడు మెడ గాయం అనుమానం ఉన్న ప్రతి శవాన్ని స్కాన్ చేసేటప్పుడు మా విభాగం నుంచి ఒకరు ఆ గదిలో ఉంటారు. 1 మిల్లీమీటరుకు మించని చిత్రాలు అప్పటికప్పుడే తయారై డిస్కులోకి ఎక్కాలి. రేడియాలజీ నివేదిక రాతపూర్వకంగా మాకే వస్తుంది, శవపరీక్ష ముగిశాకే బయటికి వెళుతుంది. "విరుపు" అని రాయాలంటే అంచు ఎలా ఉంది, రెండో పక్క ఎలా ఉంది, ముక్క చోటు తప్పిందా అన్నవి కూడా రాయాలి. లేకపోతే "ఖాళీ" అని మాత్రమే రాయాలి. ఈ చివరిది రేడియాలజీ మిత్రులకు మొదట నచ్చలేదు. తమ భాషను మేము దిద్దుతున్నట్టు అనిపించింది. ఆ గోధుమ గింజను, ఊడిన అతుకును పక్కపక్కన చూపించి రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాక ఒప్పుకున్నారు.

స్కాన్ ఉంటే కత్తి అక్కర్లేదన్న వాదన ఈ మధ్య వినిపిస్తోంది. శవాన్ని కోయొద్దని వేడుకునే కుటుంబాల బాధ నాకు తెలుసు, మార్చురీ గుమ్మంలో రోజూ చూస్తాను. చాలా ప్రమాద మరణాల్లో ఆ వాదనకు బలం ఉంది. మెడ మీద అనుమానం ఉన్న కేసులో మాత్రం నేను ఒప్పుకోను. ఈ కేసులో సీటీ ఒక్కదాని మీద ఆగి ఉంటే కుడి విరుపు ప్రాణం ఉండగా జరిగిందని చెప్పగలిగేవాళ్లం కాదు. కత్తి ఒక్కదాని మీద ఆగి ఉంటే ఎడమ కొమ్ము మా చేతిలో ఊడిందని నిరూపించగలిగేవాళ్లం కాదు.

ఆ రాత్రి నివేదిక రాసిన యువ డాక్టరు ఇప్పుడు రేడియాలజీలో పీజీ చేస్తున్నాడు. మొన్న మరో కేసులో రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. శవాన్ని ఇంకా బల్ల మీదికి ఎక్కించలేదట. "సార్, మీ వాళ్లు బయలుదేరారా? వచ్చాకే మొదలుపెడతాను. చిత్రాల మందం 0.6 పెట్టమంటారా?" అని అడిగాడు.